బొనైర్‌లో ఎక్కడ దిగాలి?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటాం. నాకు 38 ఏళ్లు. ఆరేళ్ల క్రితం విశాఖపట్నం వెళ్లినప్పుడు రుషికొండలో మొదటిసారి స్కూబా డైవింగ్ చేశాను. ఆ ఇష్టంతో ఇక్కడ ఒక సరస్సులో శిక్షణ తీసుకుని, డైవర్లకు మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ సంపాదించాను. ఇప్పటికి 24 డైవ్‌లు అయ్యాయి. మార్చిలో పాపకు బడి సెలవులు ఇచ్చినప్పుడు కరీబియన్ సముద్రంలోని బొనైర్ ద్వీపానికి వారం రోజులు వెళ్దామని అనుకుంటున్నాం. నా భార్యకు ఈత రాదు, పైగా శాకాహారి. పాపకు తొమ్మిదేళ్లు, ఈత బాగా వచ్చు. బస కోసం మూడు చూసి పెట్టాను. ఒకటి కొండ మీద ఈతకొలనుతో సహా ఉన్న పెద్ద ఇల్లు. అద్దె తక్కువ, ఫోటోలు చాలా బాగున్నాయి. రెండోది ఊరి మధ్యలో ఫ్లాటు. మూడోది ఊరికి ఉత్తరాన సముద్రపు ఒడ్డునే ఉన్న డైవింగ్ రిసార్టు. గదులు పాతవి, ధర మాత్రం ఎక్కువ. నాకు కొండ మీది ఇంటి మీదే మనసు ఉంది. "మీరు నీళ్లలో ఉంటే మేమిద్దరం ఏం చేయాలి?" అని నా భార్య అడుగుతోంది. ఏది తీసుకోమంటారు?
— ఒక పాఠకుడు, డాలస్

సమాధానం: మూడోదే తీసుకోండి. గదులు పాతవైనా, ధర ఎక్కువైనా అదే తీసుకోండి. ఎందుకో చెబుతాను. చదివాక మీకు వేరే ఆలోచన తోస్తే అలాగే చేయండి, కానీ కొండ మీది ఇంటికి డబ్బు కట్టే ముందు మాత్రం ఇది పూర్తిగా చదవండి.

మన భాషలో "దిగడం" అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఊరు వెళ్లినప్పుడు ఎక్కడ దిగారు అని అడిగితే బస ఎక్కడ అని. చెరువులో దిగారా అంటే నీళ్లలోకి వెళ్లారా అని. బొనైర్‌లో ఆ రెండు ప్రశ్నలూ ఒకటే. అక్కడ ఎక్కడ బస చేస్తారన్నది రోజుకు ఎన్నిసార్లు, ఎంత సులువుగా, ఎవరితో కలిసి నీళ్లలో దిగుతారన్నదాన్ని తేల్చేస్తుంది. మిగతా కరీబియన్ ద్వీపాల్లో చాలా చోట్ల ఇంత పట్టింపు ఉండదు. మెక్సికోకు చెందిన కొసుమెల్‌లో దాదాపు అన్ని డైవ్‌లూ పడవ మీదే. ప్రవాహం మిమ్మల్ని మోసుకుపోతుంది, పడవ వెనకే వచ్చి ఎక్కించుకుంటుంది. హోటలు ఎక్కడున్నా పొద్దున ఒక రేవుకు చేరుకుంటే చాలు. బొనైర్ అలాంటిది కాదు. అక్కడ రోడ్డు పక్కన పసుపు రంగు వేసిన రాళ్లు ఉంటాయి. ఒక్కో రాయి మీద ఒక డైవ్ చోటు పేరు రాసి ఉంటుంది. ట్రక్కు ఆపి, గాలి ట్యాంకు వీపుకు తగిలించుకుని, నడుచుకుంటూ సముద్రంలోకి వెళ్లిపోవచ్చు. అలా ఒడ్డు నుంచే దిగగలిగిన చోట్లు 50కి పైగా ఉన్నాయి.

ఇది సాధ్యం కావడానికి కారణం గాలి. ఏడాదిలో ఎక్కువ కాలం గాలి తూర్పు నుంచి వీస్తుంది. తూర్పు తీరం అలలు విరిగిపడే గరుకు తీరం, అటు సామాన్య డైవర్లు దిగరు. పడమటి తీరానికి ద్వీపమే అడ్డుగోడ. అందుకే అటువైపు నీళ్లు చాలా రోజులు చెరువులా ఉంటాయి. పగడపు దిబ్బ ఒడ్డుకు ఎంత దగ్గరంటే, చాలా చోట్ల ఒకటి రెండు నిమిషాలు ఈదితే దాని అంచు వస్తుంది. తొమ్మిది పది మీటర్ల లోతులో మొదలై ఏటవాలుగా 30 మీటర్లు దాటి కిందికి జారుతుంది. అక్కడి ప్రభుత్వం 1979లోనే ద్వీపం చుట్టూ 60 మీటర్ల లోతు వరకు సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. పడవలు లంగరు వేయకూడదు, ఈటెతో చేపలు వేటాడకూడదు, డైవర్లు చేతికి తొడుగులు వేసుకోకూడదు. తొడుగులు వద్దనడంలో గొప్ప తెలివి ఉంది. ఒట్టి చేతులతో ఉన్నవాడు దేన్నీ పట్టుకోవడానికి సాహసించడు.

ఇప్పుడు మీ మూడు చోట్ల సంగతి.

కొండ మీది ఇంటి గురించి నా అనుభవమే చెబుతాను. మేము మొదటిసారి బొనైర్ వెళ్లింది 2016లో. మేము కూడా మీలాగే ఫోటోలు చూసి మోసపోయాం. ప్రకటనలో "సముద్రానికి ఐదు నిమిషాలు" అని ఉంది. ఐదు నిమిషాలు కారులోనని అక్కడికి వెళ్లాక తెలిసింది. ఆ ఐదు నిమిషాల దూరంలో ఉన్న ఒడ్డు కూడా కత్తుల్లాంటి అంచులున్న పాత పగడపు రాయి. అక్కడ నీళ్లలోకి మెట్లు లేవు, దారి లేదు. ఇంటి వరండాలో కూర్చుంటే సూర్యాస్తమయం మాత్రం చాలా బాగా కనిపించేది. కానీ మేము వెళ్లింది దానికోసం కాదు కదా.

రోజూ పొద్దున మా పని ఇలా ఉండేది. ట్రక్కులో ఊరికి దిగి డైవింగ్ దుకాణంలో ట్యాంకులు ఎక్కించుకోవాలి. నిండు అల్యూమినియం ట్యాంకు ఒక్కొక్కటి 17 కిలోల దాకా తూగుతుంది. నాలుగు ట్యాంకులు, రెండు సంచుల సామాను, నడుముకు కట్టుకునే సీసం బరువులు, తాగే నీళ్లు, పండ్లు. అక్కడి నుంచి డైవ్ చోటికి వెళ్లి, ఎర్రటి ఎండలో రోడ్డు పక్కన వెట్‌సూట్ అనే బిగుతైన రబ్బరు దుస్తుల్లోకి దూరాలి. డైవ్ అయ్యాక ఉప్పు కారుతున్న సామానుతో కొండెక్కాలి. ఆ ఇంట్లో కడగడానికి తొట్టి లేదు. స్నానాల గదిలో రెగ్యులేటర్లు, అంటే ట్యాంకు గాలిని నోటికి అందించే పరికరాలు, కడిగి, బాల్కనీ కమ్మీలకు వెట్‌సూట్లు ఆరేసేదాన్ని. మూడో రోజుకు మావారి నడుము పట్టేసింది. నాలుగో రోజు పొద్దున ఇద్దరం లేచి ఒకరి ముఖం ఒకరు చూసుకుని మళ్లీ పడుకున్నాం. ఏడు రోజుల్లో మేము చేసిన డైవ్‌లు తొమ్మిది. రాత్రి డైవ్ ఒక్కటీ లేదు. చీకటి పడ్డాక మళ్లీ కొండ దిగే ఓపిక ఎవరికుంటుంది?

2019లో మీరు చెప్పినలాంటి పాత రిసార్టులోనే దిగాం. గదిలో మంచం కిర్రుమనేది, వంటగది అరల తలుపులు సరిగా మూతపడేవి కావు. కానీ గది మెట్లు దిగి 40 అడుగులు వేస్తే చెక్క వంతెన. దాని చివర నీళ్లలోకి ఉక్కు నిచ్చెన. వంతెన పక్కనే వరసగా ట్యాంకులు, మంచినీళ్ల తొట్లు, తాళం వేసుకునే సామాను అరలు. తడి సామాను గదిలోకి ఒక్కసారి కూడా రాలేదు. పొద్దున ఆరున్నరకు లేచి, కాఫీ కప్పుతో వంతెన మీదికి వెళ్లేదాన్ని. ఆ వేళ నీళ్లు ఎంత నిశ్చలంగా ఉంటాయంటే, నిచ్చెన కింది మెట్టుకు పట్టిన నాచును కొరుకుతున్న చిలుక చేప పంటి చప్పుడు వినిపిస్తుందా అనిపించేది. నీళ్లలో తల ముంచితే నిజంగానే ఆ చప్పుడు వినిపిస్తుంది. ఎండిపోయిన అప్పడం విరిచినట్టు ఉంటుంది. ఆ వారం 21 డైవ్‌లు చేశాం. అలసట మాత్రం మొదటిసారి కన్నా తక్కువ.

గది ముందే ఉండే పగడపు దిబ్బను డైవర్లు హౌస్ రీఫ్ అంటారు. ఒకే చోట మళ్లీ మళ్లీ దిగితే విసుగు రాదా అని చాలామంది అడుగుతారు. రాదు. నాలుగోసారి దిగేసరికి అది మన వీధి అయిపోతుంది. ఏ బొరియలో మొరే పాము చేప ఉందో, ఏ గొట్టం స్పాంజి లోపల పీత కాపురముందో తెలుస్తుంది. ఆరు మీటర్ల లోతులో ఒక పసుపు స్పాంజి పక్కన దానిలాగే ముద్దగా కూర్చుని ఉన్న కప్పచేపను నేను మూడు రోజులు దాటి వెళ్లాను. నాలుగో రోజు అది ఆవలించింది. అప్పుడుగానీ అది చేప అని తెలియలేదు. ఒక్కసారి దిగి వెళ్లిపోయే చోట అలాంటివి కంటపడవు. మీ 24 డైవ్‌ల అనుభవానికి ఇంకో లాభం కూడా ఉంది. తెలిసిన చోట, లోతు తక్కువున్న చోట, ఏ తొందరా లేకుండా నీళ్లలో తేలికగా నిలబడటం అభ్యాసం చేయొచ్చు. గాలి వాడకం దానంతటదే తగ్గుతుంది.

ఇక అసలు విషయం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మీతో పాటు నీళ్లలో దిగేది ఎవరో ఎక్కడా కనిపించలేదు. మీ భార్యకు ఈత రాదు. పాప చిన్నది. కొండ మీది ఇంట్లో దిగితే మీరు ఒక్కరే ట్రక్కు వేసుకుని, ఒక్కరే పసుపు రాయి పక్కన ఆగి, ఒక్కరే సముద్రంలోకి నడవాలి. దయచేసి ఆ పని చేయకండి. 24 డైవ్‌లు చేసినవారే కాదు, 500 చేసినవారు కూడా జత లేకుండా దిగకూడదని నా గట్టి నమ్మకం. నీళ్లు నిశ్చలంగా ఉన్నాయన్న ధైర్యమే బొనైర్‌లో ప్రమాదం. రెగ్యులేటర్ మొరాయించినా, కాలి కండరం పట్టేసినా, పక్కన ఇంకొకరు ఉంటే అది చిన్న సంగతి. లేకపోతే చిన్నది కాదు.

డైవింగ్ రిసార్టులో జత వెతుక్కోవడం కష్టం కాదు. రోజూ ఉదయం పడవ బయలుదేరుతుంది, దాని మీద గైడు ఉంటాడు, మీలాగే భార్యను ఒడ్డున వదిలి వచ్చినవారు నలుగురు ఉంటారు. రెండో రోజుకు వారిలో ఒకరితో స్నేహం కుదురుతుంది, సాయంత్రం హౌస్ రీఫ్‌లో కలిసి దిగుతారు. వచ్చిన ప్రతి డైవరూ మొదట ఒక పరిచయ డైవ్ చేయాలన్న నియమం కూడా ఉంది. దాన్ని తేలికగా తీసుకోకండి. ఆ రోజు మీతో ఉన్న గైడుకే చెప్పండి, నాకు జత లేదు, నా అనుభవం ఇంత అని. వాళ్లే కుదురుస్తారు. గది బుక్ చేసుకునే ముందే ఉత్తరం రాసి, ఒంటరిగా వచ్చే డైవర్లకు గైడుతో ఒడ్డు డైవ్‌లు ఏర్పాటు చేస్తారా అని అడగండి. వాళ్లిచ్చే జవాబును బట్టి ఆ చోటు ఎలాంటిదో సగం తెలిసిపోతుంది.

ఊళ్లోని ఫ్లాటు చెడ్డదేమీ కాదు. ఆ ఊరి పేరు క్రాలెండైక్. డచ్చి భాషలో పగడపు కట్ట అన్న మాట నుంచి వచ్చింది. హోటళ్లు, దుకాణాలు, సాయంత్రం షికారు అన్నీ నడకదూరంలో ఉంటాయి. ఇద్దరూ డైవర్లయి, పిల్లలు లేకుండా, రోజుకు రెండు డైవ్‌లు చాలనుకునే జంటకైతే నేను అదే చెబుతాను. మీ పరిస్థితిలో మాత్రం అది కొండ మీది ఇంటికి కొంచెం మెరుగు, అంతే. రాత్రి వీధిలో సంగీతం మోగుతుంది, మీరు పొద్దున్నే లేవాలి.

రిసార్టులోనూ అన్నీ ఒక్కలా ఉండవు. గది ఫోటోలు పక్కన పెట్టి నీళ్లలోకి దారి ఫోటో అడగండి. నిచ్చెన ఉందా, లేక రాళ్ల మీద నడిచి దిగాలా? వంతెనకూ మీ గదికీ మధ్య ఎన్ని మెట్లు? రాత్రి ట్యాంకులు దొరుకుతాయా, లేక సాయంత్రం ఐదింటికి తాళం వేసేస్తారా? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. 1962లో ఈ ద్వీపానికి వచ్చి ఇక్కడ డైవింగ్‌ను ఒక జీవనోపాధిగా నిలబెట్టిన కెప్టెన్ డాన్ స్టివర్ట్ అనే ఆయన, డైవర్‌కు ఎప్పుడు కావాలంటే అప్పుడు దిగే స్వేచ్ఛ ఉండాలనేవారు. బొనైర్ పేరు నిలబడింది ఆ ఒక్క మాట మీదే. ఐదింటికి ట్యాంకుల గది మూసేసే చోట అంత డబ్బు పోయడం దండగ.

కరెంటు సంగతి కూడా అడిగి తెలుసుకోండి. అక్కడ కరెంటు ఖరీదు ఎక్కువ. చాలా అద్దె ఇళ్లలో మీటరు ఉంటుంది, ఇన్ని యూనిట్లు దాటితే మీరే కట్టాలంటారు. కొండ మీది ఇంటి అద్దె తక్కువగా కనిపించడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. ఏసీ, ఈతకొలను మోటారు, దానికి తోడు తప్పనిసరిగా కావలసిన ట్రక్కు అద్దె, దాని బీమా అన్నీ కలిపి లెక్క వేసి చూడండి. రిసార్టులో గది, ఉదయం ఫలహారం, వారానికి సరిపడా ట్యాంకులు, కొన్ని పడవ డైవ్‌లు కలిపి ఒకే ధర చెబుతారు. రెండు లెక్కలూ పక్కపక్కన రాసుకుంటే తేడా మీరు అనుకున్నంత ఉండదు.

ఇప్పుడు మీ భార్య అడిగిన ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న, మీ ప్రశ్న కన్నా ముఖ్యమైనది కూడా. కొండ మీద దిగితే జరిగేదేమిటంటే, ట్రక్కు మీరు తీసుకుపోతారు, వాళ్లిద్దరూ ఈతకొలను పక్కన మీ కోసం ఎదురుచూస్తూ ఉంటారు. ఒడ్డున దిగితే మీరు నీళ్లలోకి వెళ్లేది వాళ్ల కళ్ల ముందే, గంటలో తిరిగి వచ్చేది కూడా వాళ్ల కళ్ల ముందే. ఆ గంట వాళ్లకు కాఫీ, పుస్తకం, ఇసుక ఉంటాయి. పాపకు మాస్కు, గొట్టం, తేలే చొక్కా ఇచ్చి వంతెన పక్కన దించితే రెండు మీటర్ల నీళ్లలోనే ఆమెకు బోలెడు చేపలు కనిపిస్తాయి. పెద్దవాళ్లు ఒకరు తోడుండాలి, అది మీ వంతు. పదేళ్లు నిండితేగానీ జూనియర్ ఓపెన్ వాటర్ శిక్షణ ఇవ్వరు కాబట్టి ఈసారికి పాపకు ఇది చాలు.

మీ భార్య కోసం ఒక రోజంతా తూర్పు వైపు లాక్ బే అనే అఖాతానికి కేటాయించండి. బయట పగడపు దిబ్బ అలలను ఆపేస్తుంది కాబట్టి లోపల సొరొబోన్ దగ్గర నీళ్లు నడుములోతు మాత్రమే, అడుగున తెల్లని ఇసుక. ఈత రానివారు కూడా భయం లేకుండా చాలా దూరం నడిచి వెళ్లొచ్చు. మా అత్తగారు 2019లో మాతో వచ్చారు. గోదావరి స్నానానికి దిగినట్టు చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, రెండు గంటలు ఆ నీళ్లలోనే కూర్చున్నారు. ఇంకో రోజు దక్షిణాన ఉప్పు మడుల వైపు వెళ్లండి. గులాబీ రంగు నీళ్లు, తెల్లటి ఉప్పు కుప్పలు, ఫ్లమింగోలు. ఆ దారిలోనే ఒడ్డు వెంట బానిసల గుడిసెలు కనిపిస్తాయి. ఉప్పు మడుల్లో పనిచేసిన ఆఫ్రికన్ బానిసలు పడుకోవడానికి 1850 ప్రాంతంలో కట్టినవి. పెద్దవాళ్లు వంగి, దాదాపు పాకుతూ లోపలికి వెళ్లాలి. పాపకు అవి చూపించండి, ఎందుకు అంత చిన్నవో చెప్పండి.

వంట గురించి నిశ్చింతగా ఉండండి. చిన్న వంటగది ఉన్న గదే తీసుకోండి, ఆ విషయంలో రాజీ పడకండి. ద్వీపం నెదర్లాండ్స్‌కు చెందింది కాబట్టి సూపర్ మార్కెట్లలో పాలు, పెరుగు, కూరగాయలు బాగా దొరుకుతాయి. బియ్యం దొరుకుతుంది. కందిపప్పు, చింతపండు, పొడులు, ఆవకాయ మీరే తీసుకువెళ్లండి. సముద్రపు నీటిని శుద్ధి చేసి ఇచ్చే కుళాయి నీళ్లు తాగడానికి బాగుంటాయి, సీసాలు కొనక్కర్లేదు. చెల్లేది అమెరికా డాలరే. రెండు డైవ్‌ల తర్వాత ఆకలి మామూలుగా ఉండదు. ఆ వేళ గది తలుపు తీయగానే వేడి అన్నం, పప్పు, నెయ్యి ఎదురుగా ఉంటే ఎంత హాయిగా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

రిసార్టులో దిగినంత మాత్రాన ట్రక్కు అక్కర్లేదని కాదు. మూడు నాలుగు రోజులకు తీసుకోండి. జత కుదిరాక దక్షిణాన సాల్ట్ పియర్‌కు తప్పక వెళ్లండి. ఉప్పు ఎగుమతి చేసే రేవు స్తంభాలకు స్పాంజీలు, పగడాలు పట్టి, కింద గుంపులు గుంపులుగా చేపలు తిరుగుతుంటాయి. గుడి మండపంలో స్తంభాల మధ్య నడుస్తున్నట్టు ఉంటుంది. ఓడ వచ్చి నిలిచిన రోజు అక్కడ దిగనివ్వరు, ముందే కనుక్కోండి. హిల్మా హూకర్ అనే 72 మీటర్ల ఓడ 1984 సెప్టెంబరులో మునిగింది. అందులో గంజాయి పట్టుబడి, యజమాని ఎవరూ ముందుకు రాక, రేవు నుంచి లాగి తీరానికి కాస్త దూరంలో కట్టి ఉంచితే చివరికి మునిగిపోయింది. అది 30 మీటర్ల అడుగున పక్కకు ఒరిగి ఉంది. మీ సర్టిఫికెట్‌కు 18 మీటర్లే హద్దు. పైనుంచి చూసి వచ్చేయండి, ఆశపడి కిందికి వెళ్లకండి. ఉత్తరాన వెయ్యి మెట్లు అని ఒక చోటు ఉంది, నిజానికి ఉన్నవి 70 దాకా. ట్యాంకుతో ఎక్కి వచ్చేటప్పుడు ఆ పేరు ఎందుకు వచ్చిందో మోకాళ్లకు తెలుస్తుంది. ఆ పైన తీరం రోడ్డు ఉత్తరానికి మాత్రమే వెళ్లే ఒంటిదారి. వెనక్కి తిరగలేరు, రింకోన్ ఊరి మీదుగా చుట్టి రావాలి. ఆ పూట ఇంకో పని పెట్టుకోకండి.

ట్రక్కులో ఏ వస్తువూ వదలకండి. పాస్‌పోర్టులు, ఫోన్లు, పర్సు గదిలోని పెట్టెలో ఉండాలి. మీరు నీళ్లలోకి వెళ్లి గంట దాకా రారని ఒడ్డున చూసే ఎవరికైనా తెలుస్తుంది. అందుకే అక్కడ అందరూ ట్రక్కుకు తాళం వేయకుండా, అద్దాలు దించి వెళ్తారు. లోపల ఏమీ లేదని కనిపించాలి. చెప్పులు, తువ్వాలు తప్ప మా ట్రక్కులో ఇంకేమీ ఉండేవి కావు.

కాగితాల గురించి కూడా ఒక మాట. మీ వీసా ఏమిటో మీరు రాయలేదు. హెచ్-1బి మీద ఉంటే పాస్‌పోర్టులోని స్టాంపు గడువు ఒకసారి చూసుకోండి. గడువు తీరినా కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లి రావడానికి ఒక వెసులుబాటు ఉంది. హెచ్-1బి వారికి అది కరీబియన్ ద్వీపాలకు వర్తించదు. ఆ సంగతి తెలియక వెళ్తే తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కనివ్వరు. భారతీయ పాస్‌పోర్టుతో బొనైర్‌కు ప్రవేశ వీసా కావాలో లేదో డచ్ కాన్సులేట్‌ను ఇప్పుడే అడగండి, టికెట్లు కొన్నాక కాదు. ద్వీపానికి వచ్చేవారి మీద 2022 నుంచి ప్రవేశ పన్ను ఉంది, పెద్దవారికి 75 డాలర్లు. నీళ్లలో దిగే ముందు సముద్ర పార్కు రుసుము వేరుగా కట్టాలి. ఆ రుసుము ఇష్టంగా కట్టండి, ఆ దిబ్బను కాపాడే మనుషుల జీతాలకు అది కావాలి.

ఎందుకంటే ఆ దిబ్బకు కష్టకాలం వచ్చింది. గట్టి పగడాల కణజాలాన్ని కరిగించే ఒక జబ్బు 2014లో ఫ్లోరిడాలో బయటపడి, కరీబియన్ అంతా పాకి, 2023లో బొనైర్‌కు చేరింది. తర్వాతి ఏడాది మేము వెళ్లినప్పుడు, మా వంతెనకు ఎడమవైపు ఎనిమిది మీటర్ల లోతులో ఉండే మెదడు పగడం కోసం మొదటి రోజే వెళ్లాను. ఎద్దుబండి చక్రమంత ఉండేది. సగం తెల్లగా పాలిపోయింది, మిగతా సగం మీద నాచు పట్టింది. మాస్కులోనే కళ్లు నిండాయి. మీరు దిగే రిసార్టులో సామానును మందు నీళ్లలో ముంచి కడిగే తొట్టి ఉందో లేదో అడగండి. ఉంటే ప్రతి డైవ్ తర్వాతా బద్ధకించకుండా ముంచండి. ఒక చోటి నీళ్లు ఇంకో చోటికి మీ సామానుతో పోకుండా ఉంటాయి. ఎండకు రాసుకునే క్రీము కూడా చూసి కొనండి. ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలు ఉన్నవాటిని ఆ ద్వీపంలో నిషేధించారు. పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే క్రీము అవసరమే సగం తగ్గుతుంది.

తిరుగు విమానం ఎప్పుడో చూసి చివరి డైవ్ నిర్ణయించుకోండి. చాలా రోజులు వరసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. శనివారం మధ్యాహ్నం విమానమైతే శుక్రవారం ఉదయంతో నీళ్లు ఆపేయండి. ఆ సాయంత్రం మీ భార్యది, మీ పాపది. డైవింగ్ బీమా తీసుకోకుండా మాత్రం వెళ్లకండి. డైవింగ్ తర్వాత ఒంట్లో గాలి బుడగలు ఏర్పడితే వైద్యం చేసే పీడన చికిత్స గది క్రాలెండైక్ ఆసుపత్రిలో ఉంది, అది చాలా ద్వీపాల్లో లేని భాగ్యం. కానీ ఆ చికిత్స ఖర్చు మామూలు ఆరోగ్య బీమా భరిస్తుందన్న నమ్మకం లేదు.

చివరగా, గది బుక్ చేసే ముందు పంచాంగం తీసి మీ వారంలో పౌర్ణమి వస్తుందేమో చూడండి. పౌర్ణమి దాటిన రెండో రాత్రి నుంచి ఐదో రాత్రి దాకా, పొద్దుగూకిన ముప్పావు గంటకు, చంద్రుడు ఇంకా లేవని ఆ కాసింత చీకట్లో, హౌస్ రీఫ్ లోతు తక్కువ చోట ఒక వింత జరుగుతుంది. ఆవగింజంత పెంకు పురుగులు నీళ్లలో పైకి ఈదుతూ, వెలుగు చుక్కలు ఒకదాని మీద ఒకటి వదులుతూ వెళ్తాయి. మగవి ఆడవాటిని పిలిచే పద్ధతి అది. టార్చి ఆర్పేసి, ఇసుక మీద మోకాళ్లు ఆనించి ఊరికే ఉండాలి. మొదట ఏమీ కనిపించదు. తర్వాత ఒక నీలి దండ, దాని పక్కన ఇంకొకటి, కాసేపటికి చుట్టూ వందలు. నేను చూసిన రాత్రి తిరిగి వచ్చేటప్పుడు టార్చి వెలిగించగానే మనిషంత పొడవున్న టార్పన్ చేప ఒకటి నా భుజం పక్క నుంచి వెండి రేకులా జారిపోయింది. టార్చి వెలుగులో వేటాడటం వాటికి అలవాటు, భయపడకండి. చెప్పులు వంతెన మీద వదిలి దిగాం, పైకి వచ్చి అవే తొడుక్కుని 40 అడుగులు నడిచి గదికి చేరాం. ట్రక్కు తాళం ఆ సాయంత్రమంతా గోడకు వేలాడుతూనే ఉంది.